చందా కట్టారు సరే, గాలి ఎటు కొట్టిందో రాశారా?

నల్లగొండలో మా ఇంటి ముందు గదిలో ఒక పాత బీరువా ఉంది. దాని కింది అరలో ఒక కట్ట ఉంటుంది. తిరిగొచ్చిన కాపీల కట్ట. ప్రతి సంచిక పోస్టు చేసిన రెండు వారాలకు ఒకటీ రెండూ ఇంటికి వచ్చేస్తాయి. కవరు మీద ఎర్ర పెన్నుతో 'ఇల్లు మారినారు' అనో, 'తాళం' అనో, 'ఈ పేరు గలవారు లేరు' అనో రాసి ఉంటుంది. పోస్ట్‌మ్యాన్‌ను అనడానికేం లేదు. అడ్రసు మారిందని మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

పడవల మీద, తెరచాపల మీద మూడు నెలలకోసారి వచ్చే చిన్న పత్రిక మాది. నలుగురం కలిసి తెస్తాం. జీతాలు లేవు. ప్రూఫులు, చందాదారుల పుస్తకం నా వంతు. పాఠకులు ఎక్కడ కలిసినా అడిగే మాట ఒకటే: 'మీ పత్రికకు మేమేం చేయగలం?' మర్యాదకు అడిగేవాళ్ళుంటారు, నిజంగానే అడిగేవాళ్ళుంటారు. ఇద్దరికీ ఇన్నాళ్ళూ 'చందా కట్టండి సార్, చాలు' అనే చెప్పాను. చాలదు. అసలు సంగతి చెప్పాలంటే పత్రిక ఎలా బతుకుతుందో విప్పి చూపాలి. బస్టాండులో నిలబడి అంతసేపు మాట్లాడితే బస్సు పోతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాకు అర్థమైనంతలో ఇలాంటి పత్రికకు కావలసినవి రెండే. ముందుగా తెలిసిన డబ్బు, తేదీ వేసిన సమాచారం. 'ముందుగా', 'తేదీ' అనే మాటలే ఇందులో అసలువి. డబ్బు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, సమాచారమూ వస్తుంది. వేళకు రాకపోతే రెండూ పెద్దగా పనికిరావు.

సముద్రం లేని చోట తెరచాప

'మన జిల్లాలో పడవల పత్రిక ఏంది సార్?' అని అడగనివాళ్ళు లేరు. నిజమే, సముద్రం లేదు. కానీ కృష్ణ తెలంగాణలోకి అడుగుపెట్టేది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే, తంగడి దగ్గర. అక్కడి నుంచి జూరాల, బీచుపల్లి, సోమశిల, శ్రీశైలం వెనక నీళ్ళు, ఆ కింద నాగార్జునసాగర్. ఇంత నీటిని చూస్తూ పుట్టి పెరిగినవాళ్ళం మనం. పంచదేవ్‌పహాడ్ నుంచి కురువపురం దత్తక్షేత్రానికి పుట్టిలో, అంటే తట్టలాంటి గుండ్రటి పడవలో, పోయిన ముసలమ్మలు మన ఇళ్ళలోనే ఉన్నారు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. అంటే పడవ మనకు పరాయిదేం కాదు, మధ్యలో కొంతకాలం మరిచిపోయాం, అంతే.

ఇక తెరచాప పడవల పోటీలంటారా, హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ మీద ఏటా వానాకాలంలో జరుగుతాయి. నైరుతి గాలి గట్టిగా ఉండేది అప్పుడే కాబట్టి. అక్కడ చిన్నపిల్లలు నడిపేది ఆప్టిమిస్టు అనే బుల్లి పడవ. పొడవు 2.36 మీటర్లు, మన మంచం కన్నా కాస్త ఎక్కువ. 1947లో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసం, తక్కువ ఖర్చులో, ప్లైవుడ్‌తో చేశాడు. ఇవాళ ప్రపంచమంతా పదిహేనేళ్ళ లోపు పిల్లలు దీంట్లోనే ఓనమాలు దిద్దుకుంటారు. ఇదంతా తెలుగులో రాసిపెట్టాలనే పత్రిక మొదలుపెట్టాం. కోరిక తేలికైనదే, లెక్కలే తేలిక కాదు.

మూడు వందలా, ఐదు వందలా

ఒక సంచిక ఖర్చు రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటిది ఎన్ని కాపీలు వేసినా మారనిది. డీటీపీ (కంప్యూటర్ మీద అక్షరాలు కొట్టడం), పేజీలు పేర్చడం, అచ్చు ప్లేట్లు, మెషిన్ మీద ఆ ప్లేట్లు ఎక్కించి రంగు సర్దే పని, అన్నీ ఇందులోకి వస్తాయి. రెండోది కాపీకి ఇంత అని పెరిగేది. కాగితం, అచ్చు, పిన్నింగ్, కటింగ్.

లెక్క కోసం అనుకుందాం. మారని ఖర్చు 14,000 రూపాయలు, కాపీకి పెరిగేది 18 రూపాయలు. మూడు వందల కాపీలు వేస్తే మొత్తం 19,400, అంటే కాపీ దాదాపు 65 రూపాయలు పడుతుంది. ఐదు వందలు వేస్తే 23,000, కాపీ 46. వెయ్యి వేస్తే 32,000, కాపీ 32. వెల 50 రూపాయలు పెట్టామనుకోండి. మూడు వందల దగ్గర ప్రతి కాపీకి 15 రూపాయలు చేతి నుంచి పడుతుంది. ఐదు వందల దగ్గర నాలుగు రూపాయలు మిగులుతుంది. పోస్టేజి ఇంకా కలపలేదు.

ఇక్కడే పాఠకులు పొరబడేది. 'వెల పెంచండి, ఇంకో పది రూపాయలు ఇవ్వలేమా?' అంటారు. ఆ మాట అనేవాళ్ళు ఇస్తారు, మాకు తెలుసు. కానీ పది రూపాయలు పెంచితే పాతిక మంది మానేస్తారు, పాతిక మంది తగ్గితే మిగిలినవాళ్ళ మీద పడే మారని ఖర్చు మళ్ళీ పెరుగుతుంది. అదే మీరు ఇంకొకరితో చందా కట్టిస్తే, ఆ కొత్త కాపీకి మాకయ్యేది 18 రూపాయలే. మిగిలిన 32 ఆ పద్నాలుగు వేల గుంతలోకి పోతాయి. ఒక మిత్రుణ్ణి చేర్చడం వంద రూపాయల విరాళం కన్నా ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే ఆ మిత్రుడు వచ్చే సంచికకూ ఉంటాడు.

ఎక్కడ కొన్నారనేదీ లెక్కే. పుస్తకాల షాపులో కొంటే మూడో వంతు దాకా షాపు కమిషన్‌కు పోతుంది. 50 రూపాయల కాపీ మీద మాకు చేరేది 33. అది కూడా ఎప్పుడు చేరుతుందో షాపాయన దయ. షాపులో కొనొద్దని కాదు, అక్కడ కనపడితేనే కదా కొత్తవాళ్ళు చూసేది. ఒకసారి నచ్చాక మాత్రం నేరుగా చందా కట్టండి.

ఇప్పుడు 'ముందుగా' అనే మాట దగ్గరికి వద్దాం. ఎన్ని కాపీలు వేయాలో మేము ప్రెస్సుకు చెప్పాల్సింది అచ్చుకు ముందు. చందాలు రెన్యువల్ అయ్యేది సంచిక చేతికొచ్చి, చదివి, నచ్చి, 'అరే, అయిపోయిందా' అనుకున్నాక. ఈ రెండింటికీ మధ్య ఉన్న నెల రోజులూ మేము చీకట్లో రాళ్ళేస్తున్నట్టే. తక్కువ వేస్తే ఆలస్యంగా కట్టినవాళ్ళకు కాపీ ఉండదు. మళ్ళీ యాభై కాపీలు వేయాలంటే మెషిన్ ఎక్కించే ఖర్చు మొత్తం తిరిగి పెట్టాలి. ఎక్కువ వేస్తే పాత పేపర్లవాడి తక్కెడలోకి. అందుకే గడువుకు నెల ముందు వచ్చిన 200 రూపాయలు, నెల తర్వాత వచ్చిన 200 రూపాయలు ఒక్కటి కావు. మొదటిది చూసుకుని ప్రెస్సుకు అంకె చెప్పగలం. రెండోది వచ్చేసరికి ఆ అంకె చెప్పేసి ఉంటాం.

మధ్యలో ఒక పక్క మాట. పిన్ను కొట్టిన పత్రికలో పేజీలు నాలుగు నాలుగుగానే పెరుగుతాయి. 'నా వ్యాసం రెండు పేజీలు ఎక్కువైంది, వేసేయండి' అంటే కుదరకపోవడానికి కారణం అదే. ఒక్క పేజీ పెరిగినా నాలుగు పెరగాలి. అప్పుడు మిగతా మూడు పేజీలకు బొమ్మలు వెతుక్కోవాలి.

జీవిత చందా వద్దు

ఇది చాలామందికి నచ్చదు గానీ చెప్పాలి. జీవిత చందా కట్టకండి. కట్టేవాళ్ళది పెద్ద మనసే. కానీ ఆ డబ్బు వచ్చిన ఏడాదే ఖర్చయిపోతుంది, కాపీలు మాత్రం ఏళ్ళ తరబడి పంపాలి. ప్రతి సంచికకూ ఆ 18 రూపాయలు, పోస్టేజి వేరే ఎవరి చందాలోంచో తియ్యాలి. పాత పత్రికలవాళ్ళు ఒక జోకు చెప్పేవారు: జీవిత చందా అంటే ఎవరి జీవితం, పాఠకుడిదా, పత్రికదా? చాలాసార్లు పత్రికదే ముందు ముగిసేది. మూడేళ్ళ చందా కట్టండి. అది మాకు కాగితం కొనుక్కునే ధైర్యం ఇస్తుంది, మీకు మా మీద పట్టు ఇస్తుంది. బాగా లేకపోతే నాలుగో ఏడు మానేయొచ్చు.

ఇంకా ఇవ్వాలనిపిస్తే పది చందాలు కట్టి మీ ఊరి హైస్కూలుకో, శాఖా గ్రంథాలయానికో పంపమనండి. పత్రికకు కాపీలు పెరుగుతాయి, చదివేవాళ్ళూ పెరుగుతారు. ఊరికే ఇచ్చిన విరాళంతో రెండోది జరగదు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి: 80జీ రసీదు, అంటే విరాళానికి పన్ను మినహాయింపు ఇప్పించే కాగితం, అందరూ ఇవ్వలేరు. అందుకు ఆదాయపన్ను శాఖ దగ్గర నమోదైన ట్రస్టో, సొసైటీయో ఉండాలి. నలుగురు స్నేహితులు తెచ్చే పత్రికకు అది ఉండదు. అలాగే డబ్బు పంపేముందు పత్రిక పేరు మీద విడిగా బ్యాంకు ఖాతా ఉందా అని అడగండి. సంపాదకుడి సొంత ఫోన్‌పేకి పోయిన డబ్బుకు లెక్క చెప్పడం ఆయనకే కష్టం. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. ఈ ప్రశ్న వస్తే బాధపడే సంపాదకుడికి డబ్బు పంపకపోవడమే మంచిది.

పోస్టు, ఆర్టీసీ

పత్రికలకు తక్కువ పోస్టేజి అనే మాట అందరూ విన్నారు. అది అన్ని పత్రికలకూ కాదు. 1898 నాటి తపాలా చట్టంలోనే షరతులు ఉండేవి. సంచికకూ సంచికకూ మధ్య 31 రోజులు దాటకూడదు, నికరమైన చందాదారుల జాబితా ఉండాలి. ఆ చట్టం స్థానంలో ఇప్పుడు 2023 చట్టం వచ్చింది. పాత షరతులను గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. చందాదారుల జాబితా సంపాదకుడి సొంత డైరీ కాదు, పత్రిక నిజంగా పత్రికే అనడానికి సాక్ష్యం. అందులో మీ పేరు ఉండటమే ఒక సహాయం. మూడు నెలలకోసారి వచ్చేవాటికి ఆ 31 రోజుల గడప దాటే దారి ఉండేది కాదు, మామూలు రేటే. నెలనెలా తెద్దామంటే పని మూడింతలు. ఈ లెక్క దగ్గర ఆగిపోయిన చిన్న పత్రికలు ఎన్నో.

పత్రికల నమోదు సంగతి కూడా మారింది. 1867 నాటి చట్టం పోయి, 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం అమల్లో ఉంది. పేరు అడగటం దగ్గర నుంచి సర్టిఫికెట్ దాకా అంతా ఆన్‌లైన్ పోర్టల్‌లోనే. మీలో ఎవరైనా రిటైరైన ఉద్యోగి ఉండి, ఫారాలు నింపడం చేతనైతే, ఒక కవిత రాసిచ్చిన దానికన్నా ఎక్కువ మేలు చేసినవారవుతారు. కవులు నొచ్చుకోవద్దు.

పోస్టు ఖర్చు తగ్గించుకోవడానికి మేము పట్టుకున్న దారి ఆర్టీసీ కార్గో. దేవరకొండకు పన్నెండు కాపీలు, హాలియాకు ఇరవై, కొల్లాపూర్‌కు పదిహేను అనుకుందాం. విడివిడిగా పంపే బదులు కట్ట కట్టి బస్సులో వేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ అక్కడ దించుకునేవాళ్ళుండాలి. పార్సిల్ ఆఫీసు నుంచి కట్ట తెచ్చి, బస్టాండు పక్క టీకొట్టులోనో మెడికల్ షాపులోనో పెట్టి, పేర్ల కాగితం మీద తీసుకున్నవాళ్ళతో సంతకం పెట్టించేవాళ్ళు. నెలకు గంట పని కూడా కాదు. కొల్లాపూర్‌లో ఒకాయన ఈ పని చేస్తున్నప్పటి నుంచి అక్కడ ఒక్క కాపీ తిరిగి రాలేదు. పైగా ఎవరు ఊరు మారారో, ఎవరు కళ్ళజోడు మార్చుకున్నాక చదవడం మొదలుపెట్టారో కూడా ఆయన ఫోన్ చేసి చెప్తారు.

ఇసుక కాంట్రాక్టరు శుభాకాంక్షలు

ప్రకటనలు తెచ్చిపెడతామనే పాఠకులు చాలామంది. దండం పెట్టి ముందు ఒక మాట చెప్తాను. మన జిల్లాల్లో చిన్న పత్రికలు ఎక్కువగా బతికేది దసరా, దీపావళి, ఉగాది శుభాకాంక్షల ప్రకటనల మీద. నాయకుడి ఫొటో, అనుచరుల ఫొటోలు, ఒక నమస్కారం. ఫుల్ పేజీ. డబ్బు ఒక్కసారే వస్తుంది, బాగానే వస్తుంది. కానీ నదుల మీద, పడవల మీద రాసే పత్రిక ఇసుక కాంట్రాక్టరు దగ్గర శుభాకాంక్షల ప్రకటన తీసుకుంటే, మూసీ ఇసుక మీద ఆ తర్వాత ఏం రాయగలదు? లాంచీ నడిపేవాళ్ళ దగ్గర ప్రకటన తీసుకుని లైఫ్ జాకెట్ల సంగతి ఎలా అడుగుతుంది? మాకే ఇలాంటి ఇరకాటం వచ్చింది. ఆ సంచికలో మేము ఆ ప్రకటన వేసి, వ్యాసం ఆపేశాం. తప్పే చేశాం. ఆ తర్వాత ఒక పాఠకురాలు రాసిన రెండు వాక్యాల ఉత్తరం ఇంకా నా టేబుల్ అద్దం కింద ఉంది.

కాబట్టి ప్రకటన తెస్తే టార్పాలిన్ల షాపు, చేపల హోటల్, లాడ్జి, తాళ్ళు అమ్మే దుకాణం, ఫైబర్ పని చేసే షెడ్డు లాంటి వాళ్ళ దగ్గర తెండి. చిన్నవి, ఎక్కువ మందివి. ఒకరు మానేసినా పత్రిక ఊగిపోదు. పత్రిక వెల మీద జీఎస్టీ లేదు గానీ, అచ్చు పత్రికలో ప్రకటనకు అమ్మే స్థలం మీద 5 శాతం ఉంటుంది. జీఎస్టీ కింద నమోదైన పత్రిక బిల్లులో అది వేస్తే 'ఇదేంది' అనకండి.

తేదీ లేని ఉత్తరం

ఇక అసలు కొరత సంగతి. డబ్బు లేక మేము ఆపిన సంచిక ఒక్కటే. సమాచారం లేక సన్నబడినవి చాలా ఉన్నాయి. రచనలు రావని కాదు. వస్తాయి. 'కృష్ణమ్మ అందాలు', 'సాగర తీరాన ఒక సాయంత్రం', 'నావ మనిషి జీవితానికి ప్రతీక'. చక్కగానే రాస్తారు. కానీ అవి చదివి ఎవరూ పడవ నడపలేరు.

నాగార్జునసాగర్‌నే తీసుకోండి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్ళు నిండాక నాగార్జునకొండ లోయ మునిగి, కొండ తల మాత్రం దీవిగా మిగిలింది. అక్కడి మ్యూజియానికి లాంచీలో పోతాం. పూర్తి నీటిమట్టం 590 అడుగులు. కానీ ఏడాది పొడుగునా 590 ఉండదు కదా. వేసవిలో మట్టం బాగా దిగిపోయాక రేవు వెనక్కి జరుగుతుంది, నీళ్ళ కింద ఉన్న రాళ్ళు పైకి తేలతాయి, నిన్న పడవ పోయిన చోట ఇవాళ గొర్రెలు మేస్తాయి. అందుకే 'సాగర్‌లో ఫలానా చోట లోతు బాగుంటుంది' అనే వాక్యానికి విలువ లేదు. 'ఫలానా తేదీన, మట్టం ఇంత ఉన్నప్పుడు, ఫలానా గుట్ట దగ్గర తెడ్డు నేలకు తగిలింది' అంటే విలువ ఉంది. మట్టం రోజూ పేపర్లో వస్తుంది. తేదీ ఒక్కటి మీరు రాస్తే మిగతాది మేము చూసుకుంటాం.

గాలి కూడా అంతే. ఈ మధ్య పాఠకులను మేము ఎక్కువగా అడుగుతున్నది గాలి చీటీ, అంటే ఏ రోజు, ఎక్కడ, గాలి ఎటు నుంచి ఎంత కొట్టిందో రాసిన కాగితం. దీనికి పరికరం అక్కర్లేదు. 1805లో ఫ్రాన్సిస్ బ్యూఫర్ట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి గాలి బలానికి అంకెలు పెట్టాడు. సముద్రం కోసం చేసిన ఆ కొలతకు తర్వాత నేల మీద కనిపించే గుర్తులు కూడా చేర్చారు. పొగ నిటారుగా లేస్తే సున్నా. ముఖానికి గాలి తగిలి ఆకులు గలగలమంటే రెండు. ఆకులూ సన్న రెమ్మలూ ఆగకుండా కదులుతూ, తేలికపాటి జెండా విప్పుకుంటే మూడు, అంటే గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు. దుమ్మూ చిత్తు కాగితాలూ లేస్తే నాలుగు, 20 నుంచి 28. ఆకులున్న చిన్న చెట్లు ఊగి, చెరువు నీళ్ళ మీద నురుగు తలల అలలు లేస్తే ఐదు, 29 నుంచి 38. ఆ చివరిది చూసినప్పుడు నేర్చుకునే పిల్లలను నీళ్ళలోకి దించకూడదు.

ఇప్పుడు చీటీ ఇలా ఉంటే చాలు: 'ఆగస్టు రెండో ఆదివారం, సాయంత్రం నాలుగు. సోమశిల రేవు. గాలి పడమటి నుంచి. టీకొట్టు ముందు కాగితాలు లేచాయి. అరగంట తర్వాత ఒక్కసారిగా పడిపోయింది.' అంతే. కవిత్వం లేదు. ఇలాంటివి ఒక రేవు నుంచి ఏడాదికి యాభై వస్తే, ఆ రేవులో ఏ నెలలో, ఏ పూట గాలి నమ్మదగిందో చెప్పొచ్చు. మన జలాశయాల మీద తెరచాప పడవ దించాలనుకునే ఎవరికైనా మొదట కావలసింది అదే. బళ్ళో చదివే పిల్లలు దీన్ని పెద్దల కన్నా బాగా చేస్తున్నారు. పెద్దలు చీటీ చివర తప్పకుండా ఒక ఉపమానం చేరుస్తారు.

పాఠకులే పత్రికను నింపడం మన నేలకు కొత్త కాదు. మహబూబ్‌నగర్ నుంచి 1913లోనే 'హితబోధిని' వచ్చింది. నల్లగొండ నుంచి 1922లో 'నీలగిరి పత్రిక' వచ్చింది. అన్నిటికన్నా గట్టి ఉదాహరణ సురవరం ప్రతాపరెడ్డి గారిది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన వాదన పెట్టుకోలేదు. కవితలు పంపమన్నారు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చయింది. దాంట్లో నాకు నచ్చేది కవిత్వం ఒక్కటే కాదు, ఆ అంకె. అడిగింది తేలిగ్గా, స్పష్టంగా ఉంది కాబట్టి ఊరూరి నుంచీ వచ్చాయి. మేమూ 'మీ రచనలు పంపండి' అని ఏళ్ళ తరబడి వేశాం. ఏం పంపాలో చెప్పలేదు. తప్పు మాదే.

మాటల బాకీ

రేవు మనుషులు ఇవ్వగలిగిన ఇంకొకటి, మాటలు. తెరచాప, చుక్కాని, తెడ్డు, గెడ, లంగరు, సరంగు. ఇంతవరకూ ఇబ్బంది లేదు. చిక్కు వచ్చేది పడవ కదలిక దగ్గర. తెరచాప పడవ గాలికి నేరుగా ఎదురు పోలేదు. గాలి వచ్చే దిక్కుకు ఇటు దాదాపు 45 డిగ్రీలు, అటు 45 డిగ్రీలు వదిలేసి, అడ్డంగా పోయి, మలిగి, మళ్ళీ అడ్డంగా పోయి పైకి ఎక్కాలి. శ్రీశైలం ఘాటు రోడ్డు మీద బస్సు మలుపులు తిరుగుతూ కొండ ఎక్కినట్టు. ఆ మలగడాన్ని ఇంగ్లీషులో ట్యాకింగ్ అంటారు. తెలుగులో ఏమనాలి? మాలో ఇద్దరు 'ట్యాక్' అనే ఉంచాలన్నారు, ఒకరు సంస్కృతంలో ఏదో కట్టుకొచ్చారు. అది పలకడానికే ఒక మలుపు కావాలి.

పంచదేవ్‌పహాడ్ రేవులో పుట్టి నడిపే ఒక పెద్దాయనను అడిగాం. పుట్టికి తెరచాప ఉండదు, కానీ ప్రవాహానికి అడ్డంగా దాటించేవాడికి ఇది తెలియకుండా ఉంటుందా? ఆయన పుట్టిని ఒడ్డు వెంబడే ఎగువకు లాక్కుంటూ పోయి, అక్కడ ఎక్కించుకుని, వాలుగా దింపుతూ అవతలి రేవుకు సరిగ్గా చేర్చాడు. తెడ్డు ఒక్కటే, దాన్ని ఎడమ చేతి కింద నొక్కి పట్టి కుడి చేత్తో తిప్పుతున్నాడు. 'నేరుగ పోతే కిందికి కొట్టుకపోతం సార్. మీదికి పోయి మలుపుకోవాలె' అన్నాడు. 'మలుపుకోవడం.' ఇంటికొచ్చే దాకా ఆ మాట నోట్లోనే ఉంది. తర్వాతి సంచిక నుంచి అదే వాడుతున్నాం. ఇలాంటివి మీ ఊరి రేవులో ఎన్ని ఉన్నాయో మాకు తెలియదు, ఆ మాటలు వాడేవాళ్ళు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు. మాట, ఊరు, ఎవరి నోట విన్నారు, ఏ పనికి వాడారు, ఈ నాలుగూ రాసి పంపండి.

పంపేటప్పుడు

కాగితం మీద రాసిన దానికి ఫొటో తీసి పంపితే మా డీటీపీ అతను మళ్ళీ కొట్టాలి. వాట్సాప్‌లో టైపు చేసి పంపితే అది యూనికోడ్, అంటే ఫోన్లలో వాడే అక్షరాల పద్ధతి. అతను పని చేసేది 'అను' అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో. మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి, కానీ మళ్ళీ కొట్టడం కన్నా నయం. ఒకసారి 'పడమటి గాలి వాటం' అనే శీర్షిక 'పడమటి గాలి వాతం' అని అచ్చయింది. మిర్యాలగూడ నుంచి ఒక పెద్దమనిషి ఫోన్ చేసి మందు కూడా వేశారా అని అడిగారు. ఆయన ఇప్పుడు మా రెండో ప్రూఫు చూస్తారు. తప్పు పట్టినవాళ్ళను పనిలోకి లాగడం మాకు అలవాటైంది.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే చిక్కిపోతాయి, డాక్యుమెంటుగా పంపండి. అచ్చులో అంగుళానికి 300 చుక్కలు కావాలి. ఐదంగుళాల వెడల్పు బొమ్మకు 1,500 పిక్సెళ్ళు లేకపోతే ముఖం మసకగా ఉంటుంది. ఎవరో ఫార్వర్డ్ చేసిన ఫొటో పంపకండి, అది తీసినవాళ్ళది. మీరు రాసింది మీదే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, హక్కు ఇచ్చేస్తున్నామని రాసి సంతకం పెడితే తప్ప హక్కు పత్రికకు పోదు. కాలం రాయకుండా సంతకం పెట్టినా ఐదేళ్ళే. కాబట్టి మాకు పంపిన వ్యాసాన్ని తర్వాత మీ పుస్తకంలో వేసుకోవడానికి మమ్మల్ని అడగక్కర్లేదు. ఒక కాపీ పంపితే సంతోషం.

ఈ నెల చందా పుస్తకానికి కొత్త గీతలు కొట్టాను. పేరు, అడ్రసు పిన్‌కోడుతో సహా, కట్టిన తేదీ, ముగిసే తేదీ. వాటి పక్కన ఈసారి ఇంకో గడి చేర్చాను. పైన 'గాలి' అని రాశాను. చీటీ పంపినవాళ్ళ పేరు ఎదురుగా అందులో టిక్కు పెడుతున్నాను. ఇప్పటికి పదకొండు టిక్కులు. అందులో జూరాల వైపు నుంచి ఒక్కటీ లేదు.